ఒకేరోజు కొన్న నాలుగు డిస్కులు

నమోదు 412. మంగళవారం, ఉదయం 6:10

మూడో అరలో డిస్కు పోయింది.

పొయ్యి వెలిగిద్దామని వంటింట్లోకి వెళ్తే చప్పుడు వినబడింది. టక్కు, టక్కు. కాసేపు ఆగి మళ్లీ టక్కు. గూట్లో ఉన్న మా పేట డిస్కుల పెట్టె మీద నాలుగు దీపాల్లో మూడోది ఎర్రగా వెలుగుతోంది. అదురు తగలకుండా కింద పరిచిన కొబ్బరిపీచు చాప కదల్లేదు. మీద తడిగుడ్డ నిన్న సాయంత్రం మార్చిందే. నా వైపు నుంచి లోపమేమీ కనబడలేదు.

ఈ పుస్తకం నా తర్వాత పెట్టె చూసేవాళ్ల కోసం కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా పేరు తామాడ ఢిల్లేశ్వరి. మెట్టగండిలో పెట్టె మా ఇంట్లో ఉంటుంది. ఊళ్లో ముప్పై ఒక్కమందికి కిడ్నీలు పనిచెయ్యవు. వాళ్లు వారానికి మూడుసార్లు ఇంట్లోనే డయాలసిస్ మిషనెక్కుతారు. ఎవరికి ఎంత నీరు తియ్యాలో, ఏ మందు ఎంత కలపాలో డాక్టరమ్మ రాసి, సీలు వేసి ఈ పెట్టెలో పెడుతుంది. మిషను మొదలయ్యే ముందు ప్రతిసారీ పెట్టెను అడుగుతుంది. సీలున్న చీటీ దొరక్కపోతే కదలదు. చీటీని కాగితం మీదికో వేరే డిస్కు మీదికో విడిగా నకలు తీసి చూపిస్తే ఒప్పుకోదు. ఎక్కడో ఎవరో మోతాదులు మార్చుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాక పెట్టిన కట్టుబాటు అది.

నాలుగు డిస్కుల్లో ఒకటి పోయినా మిగతా మూడూ కలిసి లెక్క తేలుస్తాయి. రెండు పోతే ఏమీ మిగలదు. డాక్టరమ్మ పడవ రావడానికి ఇంకా ఐదు వారాలుంది.

ఇంకోమాట కూడా రాయాలి. ఈ నాలుగూ ఐదేళ్ల కిందట నేనే ఒకేరోజు, నిలవ సరుకున్న ఒకే అట్టపెట్టెలోంచి కొన్నాను. నంబర్లు కూడా వరసగా ఉంటే కవలపిల్లల్లా ఉన్నాయని మురిసిపోయాను. ఒకే చోట పుట్టి ఒకేలా తిరిగినవి ఒకేసారి ముసలివవుతాయని అప్పుడు నాకు తట్టలేదు.

ఇప్పుడే మిగతా మూడింటి ఆరోగ్యం చూశాను. రెండు, నాలుగు బాగున్నాయి. ఒకటో అరలో, రాతను దాచే గడుల్లో చదవలేనివి ఎనిమిది ఉన్నాయి. నిన్న ఒక్కటీ లేదు.


నమోదు 413. మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఒకటో అరలో చదవలేని గడులు ఇరవై నాలుగు.

మా ఆయన కూర్మారావుకి చెప్పాను. ఆయనా మిషను మనిషే. సోమ, బుధ, శుక్రవారాలు ఆయనవి. వల అల్లుతున్న చెయ్యి ఆపి, "ఎన్ని దినాలుంటాది?" అని అడిగాడు. తెలీదన్నాను.

"తెలీదంటే ఎలాగే? నువ్వు ఏదో ఒకటి సెప్పు, నాను నమ్ముతాను."

"నాకే నమ్మకం లేకపోతే నీకేటి సెప్పమంటావు?"

ఆయన మళ్లీ వల అందుకున్నాడు. ఆ తర్వాత ఒక్క ముడీ వెయ్యలేదు.

రేపు రైలుకట్ట సంత. రైళ్లు ఆగిపోయాక ఆ కట్ట మీద పాత సామాన్ల అంగళ్లు వెలిశాయి. కొత్త డిస్కులు తయారవడం మానేసి పదకొండేళ్లయింది. ఎవరికైనా అక్కడ దొరికేవే గతి. మా తమ్ముడు జగన్నాయకులు బ్యాటరీ ఆటో తెస్తానన్నాడు.


నమోదు 414. బుధవారం, సాయంత్రం 5:40

సంత నుంచి ఇప్పుడే వచ్చాం. నేనూ తమ్ముడు జగ్గూ దారి పొడుగునా మాట్లాడుకోలేదు. ఎందుకో రాస్తాను.

సంతలో దిగగానే జగ్గు నన్ను తనకు తెలిసిన కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టువాడు వెండిరంగు సంచీలో గాలి చొరకుండా మూసిన డిస్కు తీసి నా చేతిలో పెట్టాడు. "సీలు కొయ్యలేదమ్మా. గోదాములో మిగిలిపోనాది. నాలుగ్గంటలు తిరిగుంటాది, అంతే."

డిస్కులు చదివే నా పరికరానికి తగిలిస్తే నిజంగానే నాలుగు గంటలని చూపించింది. జగ్గు మొహం వెలిగిపోయింది. నేను డిస్కు తిప్పి చూశాను. పైన అంటించిన కంపెనీ చీటీ కొత్తది, దాని అంచున పాత చీటీ జిగురు చార ఉంది. స్క్రూలు బిగించే రంధ్రాల చుట్టూ రంగు అరిగింది. తగిలించే చోట ఇత్తడి పళ్ల మీద గీతలు. నాలుగు గంటల్లో ఇన్నిసార్లు పెట్టి తీసిందెవరు?

డిస్కులో రెండు లెక్కలుంటాయి. పైకి కనబడే గంటల లెక్కను తుడిచెయ్యొచ్చు. లోపల, చదివే తల ఎంతసేపు పలక మీద తేలిందో రాసుకునే లెక్క ఇంకొకటి ఉంటుంది. దాన్ని తుడవాలని చాలామందికి తోచదు. అది తెరిచాను. డెబ్బై ఒక్క వేల గంటలు.

"ఇది నాకొద్దు," అన్నాను.

కొట్టువాడు డిస్కు వెనక్కి తీసుకున్నాడు. జగ్గు ఊరుకోలేదు. నన్ను పక్కకి లాగి, "అప్పా, నలుగుర్లో నా పరువు తీసీసినావు. ఆడు నాకోసం దాసి పెట్టినాడు. నువ్వు ప్రతిదాన్నీ అనుమానిస్తే ఆఖరికి ఏదీ దొరకదు. ఇంటికాడ బావ ఉన్నాడని గేపకముందా?" అన్నాడు.

"బావ ఉన్నాడనేరా అనుమానిస్తున్నది."

వాడు ఆటో దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

కట్ట చివర మోహిని అనే ఆమె గోనె మీద డిస్కులు పరిచి అమ్ముతుంది. ఒక్కోదాని మీద సున్నంతో గంటలు రాసి ఉంటాయి. నలభై నాలుగు వేలు, యాభై రెండు వేలు, రెండు వేల వంద. ఎవరూ ఆగడం లేదు. అంత పెద్ద అంకెలు చూసి ఎవరాగుతారు?

రెండు వేల వంద గంటలది చేతిలోకి తీసుకోగానే ఆమె, "మీకు దేనికి?" అని అడిగింది.

"పేట పెట్టెకి."

"అయితే అది వొగ్గీండి. పెంకుల రకం. ఇంటి మీద పెంకుల్లాగ ఒక గీత మీదకి ఇంకో గీత ఎక్కించి రాస్తాది. సినిమాలు దాసుకోడానికి బావుంటాది. పెట్టెలో మిగతావోటితో కలిసి పరిగెత్తమంటే సగంలో సతికిలబడిపోద్ది." నలభై నాలుగు వేలది ముందుకి జరిపింది. "ఇది ఐదేళ్లు ఆగకుండా తిరిగినాది. ఆపి వేసింది పంతొమ్మిదిసార్లే. ఒక్క గడీ సెడలేదు. నాను సూసింది ఇంతే. రేపు పోతే నన్నడక్కండి."

లోపలి లెక్క తెరిచాను. నలభై మూడు వేల తొమ్మిది వందల చిల్లర. రెండు లెక్కలూ సరిపోయాయి. యాభై రెండు వేలది వేరే కంపెనీది, వేరే ఏడాదిది. దానికీ సరిపోయాయి. రెండూ తీసుకున్నాను.

"ఇలా ఉన్నదున్నట్టు రాస్తే అమ్ముడవుతాయా?" అని అడిగాను.

"అవ్వవు," అంది మోహిని గోనె సర్దుతూ. "మా ఊరి పెట్టె కొత్త సీలు డిస్కుతోనే పోనాది. తొమ్మండుగురు పోనారు."

రెండు డిస్కులూ కొంగులో చుట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి కూర్మారావు మిషను మీదున్నాడు. పెట్టె నడుస్తోంది. ఒకటో అరలో గడులు నూట పన్నెండు.


నమోదు 415. గురువారం, ఉదయం 7:00

దారులు రెండు.

మొదటిది మామూలు దారి. మూడో అరలో వేరే డిస్కు పెడితే మిగతా మూడూ తమలో ఉన్నదంతా చదివి, పోయినదాన్ని దాని మీద తిరిగి రాస్తాయి. పదిహేడు గంటలు. పెట్టె ఆపక్కర్లేదు. కానీ ఆ పదిహేడు గంటలూ ఒకటో డిస్కు రొప్పుతూ పరిగెత్తాలి. అది మధ్యలో పడిపోతే అంతా పోతుంది.

రెండోది, పెట్టె పూర్తిగా ఆపెయ్యడం. ఒకటో డిస్కు బయటికి తీసి, మోహిని ఇచ్చినదాని మీదికి ఒక్కో గడీ ఎత్తి రాయడం. మొరాయించిన చోటు వదిలేసి ముందుకెళ్లి, చివర్లో మళ్లీ వెనక్కొచ్చి అడగొచ్చు. అది తక్కువ అలుస్తుంది. తర్వాత ఆ నకలును ఒకటో అరలో పెట్టి, మూడో అర సంగతి చూసుకోవచ్చు. రెండు రోజులు పట్టొచ్చు. ఆ రెండు రోజులూ ఊళ్లో ఒక్క మిషనూ నడవదు.

పెద్దాసుపత్రి తొంభై కిలోమీటర్లు. అక్కడ ఖాళీ ఉండే మంచాలు ఒకటో రెండో.

నేను రెండోదే నమ్ముతున్నాను. అయినా ఇది నా ఒక్కదాని ఇష్టమా? ఇల్లిల్లూ తిరిగి అడగడానికి వెళ్తున్నాను.


నమోదు 416. గురువారం, మధ్యాహ్నం 1:15

గబగబా రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా చదువుకోండి.

మిషన్లున్న ఇరవై మూడు గడపలూ ఎక్కాను. నాలుగు డిస్కులూ ఒకేరోజు కొన్నది నేనేనని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. చివరికి ఎక్కువమంది ఆపమన్నారు. రాజులత్తది ఈ సాయంత్రం వంతు. ఒంటరి మనిషి, జీడిపప్పు కొట్టుకుని బతుకుతుంది. నేను చెప్పిందంతా విని, "నాకు సదువు రాదు గుంటా. నీ మొగుడికి ఏది సేస్తావో నాకూ అదే సెయ్యి," అంది.

ఇంటికొచ్చేసరికి మూడో దీపం పచ్చగా ఆరుతూ వెలుగుతోంది.

నేను పెట్టలేదు. మూడో అరలో డిస్కు కనబడింది. వెండిరంగు సంచీ ముక్క గూటి కింద పడి ఉంది. తెర మీద తిరగరాత పన్నెండు శాతం. ఒకటో అరలో గడులు రెండు వేల మూడు వందలు.

జగ్గు గుమ్మంలోనే ఉన్నాడు. నిన్న నేను మోహిని దగ్గరున్నప్పుడు మళ్లీ ఆ కొట్టుకెళ్లి ఆ డిస్కును తన చేతి గడియారం ఇచ్చి తెచ్చుకున్నాడట.

"ఆపకప్పా. రాస్తంది సూడు. రేపు పొద్దున్నకి అయిపోద్ది. బావ రేపు మిషనెక్కొచ్చు."

"ఒకటోది సచ్చిపోతందిరా."

"రెండ్రోజులు మిషను లేకపోతే బావేటవుతాడు? నీ మొగుణ్ణి నువ్వే సంపుకుంటావేటి?"

వెనక నుంచి కూర్మారావు గొంతు వినబడింది. "జగ్గూ, ఆ గుమ్మం కాడ నుంచి లెగు. దాని పని దాన్ని సెయ్యనీ."

తిరగరాత ఆపాను. తర్వాత పెట్టె ఆపాను. ఐదేళ్లలో మొదటిసారి నాలుగు దీపాలూ ఆరిపోయాయి. ఆ చిన్న గాలిపంకా చప్పుడు లేకపోతే మా వంటిల్లు ఎవరిదో ఇల్లులా ఉంది.

ఒకటో డిస్కు తీసి తడిగుడ్డ చుట్టిన ఇనప పళ్లెం మీద పెట్టాను. నలభై నాలుగు వేల గంటలదాని మీదికి నకలు మొదలైంది.


నమోదు 417. శుక్రవారం, ఉదయం 8:00

అరవై ఒక్క శాతం. నిన్న సాయంత్రం వరకూ నీళ్లు పారినట్టు సాగింది. ఇప్పుడు తడుముకుంటోంది.

డిస్కుకి అదురు తగలకుండా పక్కింటివాళ్లు మిక్సీ, పిండిమర ఆపేశారు. వీధిలో ఆటోలు తొయ్యడమే, నడపడం లేదు. నేను అడగలేదు. ఎవరు చెప్పారో తెలీదు.

కూర్మారావుకి చిన్న గ్లాసుతో పూటకి మూడు గుక్కల నీళ్లు కొలిచి ఇస్తున్నాను. పొటాషియం పేరుకుంటే గుండెకి ముప్పని అరటిపండు లేదు, టమాటా లేదు. పెరట్లో గెలలు వేలాడుతున్నా కొబ్బరినీళ్లు చుక్క ముట్టనివ్వడం లేదు. బుధవారం నీరు పూర్తిగా తియ్యలేదేమో, చీలమండలు అప్పుడే ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది.


నమోదు 418. శుక్రవారం, సాయంత్రం 4:30

తొంభై ఆరు శాతం. ఇంక వదిలేసి వచ్చిన చోట్లకి తిరిగి వెళ్తోంది. అడుగుతుంది, డిస్కు గొణుగుతుంది, కాసేపటికి ఒక గడి ఇస్తుంది. కొన్నిసార్లు ఇవ్వదు.

జగ్గు నిన్న మధ్యాహ్నం నుంచి రాలేదు. ఇప్పుడొచ్చాడు. విసనకర్ర తీసుకుని పళ్లెం పక్కన కూర్చున్నాడు. డిస్కు వేడెక్కకుండా విసురుతున్నాడు.


నమోదు 419. శనివారం, ఉదయం 9:20

నలభై నాలుగు గంటలయింది. ఇంకా నాలుగు వందల గడులు మిగిలాయి. గంట నుంచి ఒక్కటీ రావడం లేదు. డిస్కులోంచి కొత్త చప్పుడొకటి వస్తోంది, గాజు మీద ఇసుక గీసినట్టు.

ఇంకా అడగాలా, ఆపాలా? ఒకవైపు ఆ నాలుగు వందల గడుల్లో ఏముందో తెలీదు. ఇంకోవైపు కూర్మారావు పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. రాజులత్త మిషనెక్కి నాలుగు రోజులు.

ఆపేశాను. నకలును ఒకటో అరలో పెట్టాను. మూడో అర ఖాళీగా ఉంచాను. మీట నొక్కాను.

ఒకటో దీపం పచ్చగా వెలిగింది. తర్వాత రెండోది, ఆ తర్వాత నాలుగోది. పంకా తిరిగింది. జగ్గు విసనకర్ర పట్టుకునే ఏడ్చేశాడు.


నమోదు 420. శనివారం, ఉదయం 11:50

ఒక్కో చీటీ సీలు విడివిడిగా సరిచూశాను. ముప్పై బాగున్నాయి. కూర్మారావుది ఉంది. మిషను ఆయన పేరు చదివి మొదలైంది. కాసేపటికి ఊళ్లో మిగతా మిషన్లూ మొదలైనట్టు తలుపుల్లోంచి అరుపులు వినబడ్డాయి.

రాజులత్త చీటీ విరిగింది. రాని గడుల్లో మూడు ఆమెవే.

నేనే వెళ్లి చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. మొహం వాచి కళ్లు చిన్నవైపోయాయి. "అందరివీ వొచ్చినాయేటి?" అని అడిగింది.

"మీదొక్కటి రాలేదత్తా."

ఆమె మంచం పట్టె పట్టుకుని ముందుకి వంగింది. "నీ మొగుడిది?"

"వచ్చింది."

"అదే మేలు," అంది. ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటో బ్యాటరీ అరవై కిలోమీటర్లకి మించి రాదు. జగ్గు ఇల్లిల్లూ తిరిగి దీపాల బ్యాటరీలు అడిగి తెచ్చి వెనక సీటు కింద వరసగా కట్టాడు. ఎవరూ లేదనలేదు. "నాను తీసుకెల్తాను, అప్పా. నువ్వు పెట్టె కాడ ఉండాల," అన్నాడు. పదకొండున్నరకే బయల్దేరారు.

తిరగరాత ఇప్పుడే మొదలెట్టాను. మూడో అరలో మోహిని ఇచ్చిన యాభై రెండు వేల గంటలది పెట్టాను. జగ్గు తెచ్చిన సీలు డిస్కును బయట పెట్టి పరీక్షించాను. పది నిమిషాలకి ఆగిపోయింది, మళ్లీ లేవలేదు.


నమోదు 421. ఆదివారం, ఉదయం 6:00

తిరగరాత పూర్తయింది. నాలుగు దీపాలూ పచ్చగా ఉన్నాయి. నాలుగు డిస్కులు, మూడు వేరువేరు పుట్టుకలు. ఇక ముందు ఏటా ఒకటి చొప్పున మారుద్దాం, నాలుగూ కలిపి ఎప్పుడూ కొనొద్దు.

జగ్గు నుంచి కబురు లేదు. ఆసుపత్రి కబుర్లు వచ్చే రేడియో పక్కనే కూర్చున్నాను. కూర్మారావు అన్నం కలిపి తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. తినలేకపోయాను.


నమోదు 422. ఆదివారం, ఉదయం 10:35

రేడియోలో జగ్గు గొంతు. మధ్యమధ్య తెగిపోయింది. "అప్పా... మిషనెక్కించినారు... మంచం దొరికినాది... మాటాడతంది." రెండోసారి చెప్పమన్నాను. మూడోసారి కూడా చెప్పమన్నాను.


నమోదు 423. శుక్రవారం, మధ్యాహ్నం 3:00

జగ్గు వచ్చాడు. రాజులత్త ఇంకో పది రోజులు అక్కడే ఉంటుంది. అక్కడి డాక్టరు ఆమె చీటీ కొత్తగా రాసి సీలు వేసి ఇస్తారట.

పెట్టె ముట్టుకున్నవాళ్లు ఈ పుస్తకంలో రాయాలి. అది నియమం. పుస్తకం, కలం వాడి ముందు పెట్టాను. ఇక్కడి నుంచి వాడి రాత.

నా పేరు బెందాళం జగన్నాయకులు. గురువారం పొద్దున్న అప్ప ఇంట్లో లేనప్పుడు మూడో అరలో డిస్కు పెట్టింది నేను. ఎవరూ పెట్టమనలేదు. అప్ప వద్దన్న డిస్కు అని నాకు తెలుసు. బావ కోసం పెట్టాను. దానివల్ల ఒకటో డిస్కు ఎక్కువ పాడయింది, రాజులత్త చీటీ పోయింది.

దారిలో అత్త రెండుసార్లు మాట ఆపేసింది. రెండుసార్లూ ఆటో ఆపి మొహం మీద నీళ్లు జల్లాను. రెండోసారి కళ్లు తెరిచాక నేను చెప్పేశాను, ఇదంతా నావల్లే అని. వినబడలేదేమో అనుకుని మళ్లీ చెప్పబోయాను.

"ఇన్నానురా," అంది. "గోతులు సూసుకుని తోలు."